ఉక్కు కాలమ్ బలం ఉక్కులో ఎంత, చివర్లలో ఎంత?

30 సెంటీమీటర్ల స్టీలు స్కేలు ఒకటి తీసుకుందాం. వెడల్పు 25 మిల్లీమీటర్లు, మందం 1 మిల్లీమీటరు. మామూలు మైల్డ్ స్టీలే అనుకుందాం. దాన్ని వేలాడదీసి కింద బరువు కడుతూ పోతే దాదాపు 640 కిలోల దాకా ఏమీ కాదు. ఆ తర్వాతే అది శాశ్వతంగా సాగడం మొదలవుతుంది. అదే స్కేలును బల్ల మీద నిలబెట్టి అరచేత్తో పైనుంచి అదిమితే, నాలుగున్నర కిలోలు దాటేసరికి నడుం దగ్గర పక్కకు వంగిపోతుంది. తేడా సుమారు 140 రెట్లు. చెయ్యి తీసేస్తే మళ్లీ నిటారుగా నిలబడుతుంది, అంటే లోహానికి ఏమీ కాలేదు. లోడు మోయలేకపోయింది ఆ ఆకారం. దీన్నే బక్లింగ్ అంటారు.

లాగుడు భరించే కడ్డీని డిజైన్ చేయడం తేలిక. అడ్డకోత వైశాల్యం ఎంత, ఉక్కు గ్రేడు ఎంత, బోల్టు రంధ్రాలకు ఎంత పోయింది, ఇవి చూసుకుంటే చాలావరకు పని అయిపోతుంది. నొక్కుడు భరించే కడ్డీ దగ్గర ముందు అడగాల్సిన ప్రశ్నలు వేరు. పొడవు ఎంత? చివర్లు ఎలా బిగించారు? మధ్యలో పక్కనుంచి దాన్ని ఎవరు పట్టుకుని ఉన్నారు? ఇంజినీర్ల సమయం ఎక్కువగా సెక్షన్ (అడ్డకోత ఆకారం) ఎంపిక మీద, కోడ్ (డిజైన్ నియమావళి) పట్టికల మీద పోతుంది కానీ, కాలమ్ మోయగల లోడు సగానికి పడిపోవడమో, సగం పెరగడమో జరిగేది ఈ మూడు ప్రశ్నల దగ్గరే.

ఆయిలర్ లెక్క, దాని హద్దు

పొడవు పెరిగే కొద్దీ కాలమ్ బలం పొడవు వర్గానికి విలోమంగా తగ్గుతుందని డచ్ శాస్త్రవేత్త ముషెన్‌బ్రూక్ 1729 నాటికే ప్రయోగాల్లో గమనించాడు. దానికి గణిత రూపం ఇచ్చింది గణిత శాస్త్రవేత్త ఆయిలర్. 1744లో ఒకసారి, 1757లో ఇంకా వివరంగా. సూత్రం చిన్నదే: π (పై, సుమారు 3.14) వర్గాన్ని యంగ్స్ మాడ్యులస్‌తో (పదార్థం దృఢత్వం), మూమెంట్ ఆఫ్ ఇనర్షియాతో (అడ్డకోత ఆకారం వంగుడును ఎంత ఆపుతుందో చెప్పేది) గుణించి, పొడవు వర్గంతో భాగించాలి. రెండు చివర్లూ స్వేచ్ఛగా తిరగగలిగితేనే ఈ రూపం.

ఈ సూత్రంలో ఏముందో కన్నా ఏం లేదో చూడడం ముఖ్యం. ఉక్కు యీల్డ్ బలం, అంటే శాశ్వతంగా సాగడం మొదలయ్యే ఒత్తిడి, ఇందులో ఎక్కడా లేదు. ఉన్నది యంగ్స్ మాడ్యులస్ మాత్రమే. చవక రకం ఉక్కుకైనా, ఖరీదైన హై స్ట్రెంగ్త్ ఉక్కుకైనా అది దాదాపు ఒకటే, 2 లక్షల మెగాపాస్కల్స్ చుట్టుపక్కలే. కాబట్టి సన్నని పొడవాటి కాలమ్ వంగిపోతోందని గ్రేడు పెంచితే డబ్బు పోతుంది తప్ప లాభం పెద్దగా ఉండదు.

పొడవును రేడియస్ ఆఫ్ గైరేషన్‌తో భాగిస్తే వచ్చేది స్లెండర్‌నెస్ రేషియో. మెటీరియల్ అడ్డకోత మధ్య నుంచి ఎంత దూరంగా పరుచుకుని ఉందో చెప్పేది రేడియస్ ఆఫ్ గైరేషన్. హెచ్ ఆకారపు సెక్షన్‌కి (ఫ్లేంజ్‌లు అనే రెండు పక్క పలకలు, వాటిని కలిపే వెబ్ అనే మధ్య పలక) ఇది రెండు దిక్కుల్లో రెండు విలువలుగా ఉంటుంది. కాలమ్ ఎప్పుడూ తక్కువ విలువ ఉన్న దిక్కుకే వంగాలని చూస్తుంది.

ఇప్పుడు ఒక నిజమైన సెక్షన్ మీద లెక్క వేద్దాం. 200 మిల్లీమీటర్ల ఎత్తు, 200 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న రోల్డ్ హెచ్ సెక్షన్. వైశాల్యం 78.1 చదరపు సెంటీమీటర్లు. రేడియస్ ఆఫ్ గైరేషన్ బలమైన దిక్కులో 85.4, బలహీనమైన దిక్కులో 50.7 మిల్లీమీటర్లు. ఉక్కు యీల్డ్ 250 మెగాపాస్కల్స్. ఎత్తు 4 మీటర్లు, రెండు చివర్లూ పిన్ జాయింట్లు, అంటే స్వేచ్ఛగా తిరిగేవి. సేఫ్టీ ఫ్యాక్టర్లు పక్కన పెడదాం.

వంగకుండా నలిగిపోయే లోడు: 250ని వైశాల్యంతో గుణిస్తే సుమారు 1950 కిలోన్యూటన్లు (ఒక కిలోన్యూటన్ అంటే దాదాపు 100 కిలోల బరువు). బలహీనమైన దిక్కులో ఆయిలర్ లోడు: స్లెండర్‌నెస్ 79 కాబట్టి 2476 కిలోన్యూటన్లు. ఈ రెండూ చూసి, ముందు వచ్చేది నలగడమే కదా, 1950 దాకా బక్లింగ్ బాధ లేదు అనుకోవడం సహజం. కానీ యూరప్ డిజైన్ కోడ్ అయిన యూరోకోడ్ పద్ధతిలో ఇదే కాలమ్‌కి వచ్చే బలం 1185 కిలోన్యూటన్లు మాత్రమే. రెండు హద్దుల్లో చిన్నదానికన్నా కూడా 40 శాతం తక్కువ.

మిగతా 765 కిలోన్యూటన్లు ఎటు పోయాయన్నదే స్టీల్ కాలమ్ డిజైన్‌లో అసలు కథ.

నిటారుగా లేని కాలమ్, కడుపులో ఒత్తిడి ఉన్న ఉక్కు

ఆయిలర్ కాలమ్ సంపూర్ణంగా నిటారుగా ఉంటుంది, లోడు సరిగ్గా మధ్యలో పడుతుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చే కాలమ్ అలా ఉండదు. పొడవులో వెయ్యో వంతు వంపును సాధారణంగా ఒప్పుకుంటారు. 4 మీటర్ల కాలమ్‌కి అది 4 మిల్లీమీటర్లు, కంటికి ఆనదు. కానీ లోడు పడగానే ఆ వంపు పెరుగుతుంది. ఎంత పెరుగుతుందంటే, లోడు ఆయిలర్ లోడులో ఎంత భాగమో చూసి, దాన్ని ఒకటిలోంచి తీసేసి, మిగిలినదానితో 1ని భాగించినంత. 800 కిలోన్యూటన్ల దగ్గర ఇది సుమారు ఒకటిన్నర రెట్లు, 1185 దగ్గర 1.92 రెట్లు. అంటే 4 మిల్లీమీటర్ల వంపు 7.7 మిల్లీమీటర్లు అవుతుంది.

ఆ 7.7 మిల్లీమీటర్లను లోడుతో గుణిస్తే 9 కిలోన్యూటన్ మీటర్ల బెండింగ్ మూమెంట్ (వంచే ప్రభావం). బలహీనమైన దిక్కులో అది ఫ్లేంజ్ అంచుల దగ్గర 45 మెగాపాస్కల్స్ అదనపు ఒత్తిడి పెడుతుంది. లోడు వల్ల నేరుగా వచ్చే 152 దీనికి కలిపితే 197. యీల్డ్ చేరడానికి ఇంకా 53 మెగాపాస్కల్స్ మిగిలి ఉన్నట్టు కనిపిస్తుంది. అయినా కోడ్ ఇక్కడే ఆపేస్తుంది. ఎందుకంటే ఆ మిగులు ఉక్కు కడుపులో ముందే ఖర్చయి ఉంటుంది.

రోలింగ్ మిల్లులో ఎర్రగా కాలిన సెక్షన్ చల్లారేటప్పుడు ఫ్లేంజ్ అంచులు ముందు చల్లబడతాయి, ఫ్లేంజ్ వెబ్ కలిసే మందపాటి చోటు ఆలస్యంగా చల్లబడుతుంది. ఆలస్యంగా చల్లబడే భాగం ముడుచుకోవాలని చూస్తుంది. అప్పటికే గట్టిపడిన అంచులు అడ్డుపడతాయి. ఆ పెనుగులాటలో అంచులు నొక్కుడులో, మధ్యభాగం లాగుడులో ఉండిపోతాయి. బయటి లోడు ఏదీ లేకుండానే ఉండే ఈ ఒత్తిళ్లను రెసిడ్యువల్ స్ట్రెస్ అంటారు. మామూలు రోల్డ్ సెక్షన్లలో అంచుల దగ్గర ఇవి 70, 80 మెగాపాస్కల్స్ ఉండడం వింతేమీ కాదు. వెల్డింగ్ చేసిన సెక్షన్లలో తీరు వేరు, తీవ్రత ఇంకా ఎక్కువ కావచ్చు.

దీని దెబ్బ రెండు దిక్కుల్లో ఒకేలా ఉండదు. లోడు పెరిగే కొద్దీ ముందు యీల్డ్ అయ్యేది నాలుగు ఫ్లేంజ్ అంచులే. ప్రతి ఫ్లేంజ్‌లోనూ అటు పావు వంతు, ఇటు పావు వంతు యీల్డ్ అయిపోయాయనుకుందాం. వంగుడుకు అడ్డం నిలబడే ఫ్లేంజ్ వెడల్పు సగమే మిగిలింది. బలమైన దిక్కులో ఫ్లేంజ్‌ల దృఢత్వం సగానికి తగ్గుతుంది. బలహీనమైన దిక్కులో మాత్రం వెడల్పు ఘనాన్ని బట్టి లెక్క కాబట్టి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఒకే కాలమ్‌కి ఒక దిక్కులో ఒక వక్రరేఖ (స్లెండర్‌నెస్‌ని బట్టి బలం ఎంత తగ్గుతుందో చెప్పేది), ఇంకో దిక్కులో మరో వక్రరేఖ వాడమని కోడ్ చెప్పడానికి కారణం ఇదే.

యీల్డ్ మొదలైన తర్వాత కాలమ్ ఎలా ప్రవర్తిస్తుందన్న దానిపై 1889లో ఎంగెస్సర్, కాన్సిడేర్ మొదలుపెట్టిన చర్చ 1947లో షాన్లీ తేల్చేదాకా నడిచింది. డిజైన్ చేసేవారికి దాని వివరాలు రోజూ అక్కరకొచ్చేవి కావు. అక్కరకొచ్చింది యూరప్‌లో వెయ్యికి పైగా నిజమైన కాలమ్‌లను పరీక్షించి గీసిన బక్లింగ్ కర్వులు, అంటే పైన చెప్పిన వక్రరేఖలే. యూరోకోడ్ 3లో ఇవి ఐదు. ఒక్కో కర్వుకీ ఒక ఇంపర్ఫెక్షన్ ఫ్యాక్టర్ (లోపాల తీవ్రత చెప్పే అంకె): 0.13, 0.21, 0.34, 0.49, 0.76. భారతీయ కోడ్ ఐ.ఎస్. 800 కూడా 2007 నుంచి ఇదే దారి పట్టింది, అయితే 0.13 కర్వును వదిలేసి నాలుగే ఉంచుకుంది. అమెరికన్ కోడ్ రోల్డ్ సెక్షన్లకైనా, వెల్డెడ్ సెక్షన్లకైనా ఒకే కర్వుతో సరిపెడుతుంది.

ఈ ఫ్యాక్టర్లు గాల్లోంచి ఊడిపడ్డవి కావు. మన కాలమ్‌కి బలహీనమైన దిక్కులో వర్తించేది 0.49. దాన్ని వెనక్కి లెక్కిస్తే, కోడ్ ఈ కాలమ్ మొదటి నుంచీ 8.6 మిల్లీమీటర్లు వంగి ఉన్నట్టు భావిస్తోందని తేలుతుంది. అసలు వంపు 4 మిల్లీమీటర్లే. మిగిలినది ప్రధానంగా రెసిడ్యువల్ స్ట్రెస్ చేసే నష్టం, వంపు రూపంలో రాసుకున్నది. ఆ 8.6 మిల్లీమీటర్లు 1185 కిలోన్యూటన్ల కింద 16.6 అవుతాయి, అంచు ఒత్తిడి సరిగ్గా 250 దగ్గర ఆగుతుంది. కర్వుల పట్టిక చూసి అంకె తీసుకోవడం కన్నా ఈ లెక్క ఒక్కసారి చేతితో చేసి చూస్తే కోడ్ ఏం అనుకుంటోందో బోధపడుతుంది.

ఈ నష్టం ఎక్కువగా తగిలేది మరీ పొట్టి కాలమ్‌లకు కాదు, మరీ పొడవాటివాటికీ కాదు. 250 మెగాపాస్కల్స్ ఉక్కుకు ఆయిలర్ ఒత్తిడి యీల్డ్‌తో సమానమయ్యే స్లెండర్‌నెస్ 89. దాని చుట్టుపక్కల ఉన్న కాలమ్‌లే వంపులకీ, రెసిడ్యువల్ స్ట్రెస్‌కీ ఎక్కువ లొంగిపోతాయి. భవనాల్లో నిజంగా వాడే కాలమ్‌లు చాలావరకు ఆ ప్రాంతంలోనో, దానికి కాస్త కిందో ఉంటాయి. స్లెండర్‌నెస్ 18 కన్నా తక్కువైతే బక్లింగ్ తగ్గింపే ఉండదు.

గ్రేడు సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. ఇదే 4 మీటర్ల కాలమ్‌ని 450 మెగాపాస్కల్స్ ఉక్కుతో చేస్తే అదే కర్వు మీద బలం 1185 నుంచి 1540కి చేరుతుంది. యీల్డ్ 80 శాతం పెరిగితే బలం 30 శాతం పెరిగింది. ఎత్తు 8 మీటర్లయితే 468 నుంచి 507కి, అంటే 8 శాతం. ఉన్న డబ్బుతో ఖరీదైన ఉక్కు కొనాలా, ఇంకాస్త వెడల్పాటి సెక్షన్ తీసుకోవాలా అన్న ప్రశ్నకు పొడవాటి కాలమ్‌ల దగ్గర జవాబు స్పష్టం. గొట్టం ఇంకా మెరుగు. 244.5 మిల్లీమీటర్ల వ్యాసం, 10 మిల్లీమీటర్ల మందం ఉన్న హాట్ ఫినిష్డ్ (వేడిగా ఉండగా తయారైన) గొట్టంలో ఉక్కు మన హెచ్ సెక్షన్ కన్నా 6 శాతం తక్కువే. 4 మీటర్ల ఎత్తున అదే 250 ఉక్కుతో అది సుమారు 1680 కిలోన్యూటన్లు మోస్తుంది, ఎందుకంటే దానికి బలహీనమైన దిక్కంటూ లేదు. కోల్డ్ ఫార్మ్డ్ (వేడి చేయకుండా వంచి చేసిన) గొట్టమైతే కర్వు మారి ఈ లాభం కొంత తగ్గుతుంది.

ఎఫెక్టివ్ లెంగ్త్ అనే నమ్మకం

కాలమ్ అసలు పొడవు టేపుతో కొలవొచ్చు. డిజైన్‌లోకి వెళ్లేది మాత్రం ఎఫెక్టివ్ లెంగ్త్. వంగిన ఆకారంలో బెండింగ్ మూమెంట్ సున్నా అయ్యే రెండు చోట్ల మధ్య దూరం అది. రెండు చివర్లూ పిన్ అయితే అసలు పొడవే. రెండూ పూర్తిగా బిగిస్తే సిద్ధాంతం ప్రకారం సగం. కింద బిగించి పైన పూర్తిగా వదిలేస్తే రెట్టింపు.

మన 4 మీటర్ల కాలమ్‌నే తీసుకుని పై చివర పట్టు తీసేద్దాం. కింద గట్టిగా బిగించే ఉంది. ఎఫెక్టివ్ లెంగ్త్ 8 మీటర్లు అయింది, బలం 1185 నుంచి 468 కిలోన్యూటన్లకు పడిపోయింది. ఉక్కు ఒక్క గ్రాము తగ్గలేదు. కంప్యూటర్ మోడల్‌లో చివరి కండిషన్ ఒక్క క్లిక్‌తో మారుతుంది. సైట్‌లో ఆ క్లిక్‌కి సమానమైన పని బేస్ ప్లేటు, యాంకర్ బోల్టులు, పునాది కలిసి చేయాలి.

బేస్ ఫిక్స్‌డ్ అని రాసుకోవడం తేలిక. కానీ పలుచని ప్లేటు, వెబ్‌కి అటూ ఇటూ దగ్గర దగ్గరగా నాలుగు బోల్టులు ఉన్న బేస్ నిజంగా తిరగకుండా ఆపలేదు. ఆపాలంటే బోల్టులు ఫ్లేంజ్‌ల బయటికి వెళ్లాలి, ప్లేటు మందంగా ఉండాలి లేదా గసెట్లు (ఊతపు పలకలు) పెట్టాలి, కింద పునాది కూడా మట్టిలో ఒరగకుండా ఉండాలి. అందుకే కోడ్‌లు సిద్ధాంతంలోని 0.5 బదులు 0.65 వాడమంటాయి. ఆ 0.65 కూడా నిజంగా మూమెంట్ తీసుకునేలా గీసిన జాయింటుకే వర్తిస్తుంది. నమ్మకం లేని చోట పిన్ అనుకుని 1.0తో పోవడమే మేలు. అదనంగా పోయేది ఒక సైజు పెద్ద సెక్షన్ ఖరీదే.

ఫ్రేము పక్కకు ఊగగలిగితే సంగతి ఇంకా మారుతుంది. బ్రేసింగ్ (పక్కకు జరగకుండా పట్టే కడ్డీలు) గానీ, షియర్ వాల్ (ఊగుడును ఆపే గోడ) గానీ లేకుండా బీములు, కాలమ్‌ల మూమెంట్ జాయింట్ల (తిరగకుండా బిగించిన అతుకుల) మీదే నిలబడే ఫ్రేములో ఎఫెక్టివ్ లెంగ్త్ అసలు పొడవు కన్నా ఎప్పుడూ ఎక్కువే. సన్నని బీములు బిగించిన బలిష్ఠమైన కాలమ్‌కి రెట్టింపు దాటినా ఆశ్చర్యం లేదు. అదే అంతస్తులో పిన్ చివర్లతో నిలబడ్డ మిగతా కాలమ్‌లు ఫ్రేము భుజం మీద వాలతాయి. వాటి లోడు వాటి గుండానే కిందికి దిగుతుంది గానీ, పక్కకు ఒరిగినప్పుడు వాటిని నిలబెట్టే బాధ్యత మూమెంట్ ఫ్రేము మీద పడుతుంది. ఫ్రేములోని కాలమ్‌లను వాటి సొంత లోడుకే చూసుకుని ఊరుకుంటే ఆ భారం లెక్కలోకి రాదు.

ఈ కారణంగానే కొత్త పద్ధతులు ఎఫెక్టివ్ లెంగ్త్ గుణకాలను ఊహించడం మానేసి, ఫ్రేము మొత్తాన్ని కాస్త ఒరిగినట్టు భావించి, ఒరిగిన ఆకారం మీదే సెకండ్ ఆర్డర్ అనాలిసిస్ చేయమంటున్నాయి. ఒరగడానికి బదులు నిలువు లోడులో చిన్న భాగాన్ని అడ్డంగా వేసే పద్ధతీ ఉంది: ఐ.ఎస్. 800లో 0.5 శాతం, అమెరికన్ కోడ్‌లో 0.2 శాతం. అమెరికన్ పద్ధతి దీంతోపాటు దృఢత్వాన్ని 0.8తో గుణించి తగ్గిస్తుంది. అంకెలు వేరైనా ఉద్దేశం ఒకటే, చార్టులో చూసి తీసే గుణకం మీద నమ్మకం తగ్గించడం.

పట్టుకునేవాణ్ణి పట్టుకునేదెవరు?

కాలమ్ బలం పెంచడానికి అన్నిటికన్నా చవకైన దారి బ్రేసింగ్. మన కాలమ్‌ని బలహీనమైన దిక్కులో సగం ఎత్తు దగ్గర ఒక బ్రేస్ పట్టుకుంటే ఆ దిక్కులో పొడవు 2 మీటర్లు అవుతుంది. ఇప్పుడు బలహీనమైన దిక్కులో తగ్గింపు గుణకం (నలిగిపోయే లోడులో ఎంత భాగం మిగిలిందో చెప్పేది) 0.874, బలమైన దిక్కులో 0.872. రెండూ ఇంచుమించు సమానం. బలం 1702 కిలోన్యూటన్లు, అంటే 44 శాతం పెరిగింది. హెచ్ సెక్షన్ నుంచి ఇంతకన్నా ఆశించాల్సింది లేదు.

ఈ బ్రేస్ మీద పడే లోడు ఆశ్చర్యపరిచేంత చిన్నది. కాలమ్ లోడులో 2 నుంచి 2.5 శాతం అన్నది పాత వాడుక లెక్క, ఇక్కడ 34 నుంచి 43 కిలోన్యూటన్లు. బలంతోపాటు దృఢత్వం కూడా కావాలి, ఎందుకంటే బ్రేస్ బాగా సాగిపోయేదైతే కాలమ్ దాన్ని లాక్కుంటూ వంగుతుంది. మధ్యలో ఒకే బ్రేస్ ఉన్నప్పుడు కావాల్సిన కనీస దృఢత్వం, లోడుకు రెట్టింపును సగం పొడవుతో భాగిస్తే వస్తుంది. మన కాలమ్‌కి మిల్లీమీటరుకు 1.7 కిలోన్యూటన్లు. వంపుల కోసం దాన్ని రెట్టింపు చేస్తే 3.4. 50 మిల్లీమీటర్ల కాళ్లు, 6 మిల్లీమీటర్ల మందం ఉన్న చిన్న యాంగిల్ (ఎల్ ఆకారపు కడ్డీ) 5 మీటర్ల పొడవున మిల్లీమీటరుకు 22 కిలోన్యూటన్ల పైనే ఇస్తుంది. దృఢత్వం కావాల్సిన దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

అయితే నొక్కుడు పడితే ఆ యాంగిల్ కూడా ఒక కాలమ్ లాంటిదే. 5 మీటర్ల పొడవున దాని స్లెండర్‌నెస్ 500 దాటుతుంది, నొక్కుడులో 4 కిలోన్యూటన్ల చుట్టుపక్కలే బక్లింగ్ అయిపోతుంది. 34 ఎక్కడ, 4 ఎక్కడ! కాబట్టి అటొకటి ఇటొకటి పెట్టి ఎప్పుడూ ఒకటి లాగుడులో ఉండేలా చూడాలి, లేదా నొక్కుడు తట్టుకునే గొట్టం వాడాలి.

ఇంకో పొరపాటు డ్రాయింగ్‌లో అంత తేలిగ్గా దొరకదు. వరసలో ఉన్న కాలమ్‌లన్నిటినీ సగం ఎత్తున అడ్డ కడ్డీలతో ఒకదానికొకటి కలిపేసి బ్రేసింగ్ ఉందనుకోవడం. అన్నీ ఒకే వైపు వంగితే ఆ కడ్డీలు వాటితోపాటే జరుగుతాయి, దేన్నీ ఆపవు. వరసలో ఎక్కడో ఒకచోట ఏటవాలు బ్రేసింగ్‌తో ఆ మట్టాన్ని నేలకు కట్టేయాలి. అక్కడికి ఒక్క కాలమ్ తాలూకు 2 శాతం కాదు, వరస మొత్తం లోడు తాలూకు బ్రేసింగ్ బలం చేరుతుంది.

కాగితం మీది బ్రేస్ నిజంగా బ్రేస్ కాకపోతే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ సివిక్ సెంటర్. 1978 జనవరి 18 తెల్లవారుజామున మంచు బరువుకు దాని స్పేస్ ట్రస్ (కడ్డీలను త్రికోణాలుగా అల్లిన చట్రం) పైకప్పు మొత్తం కూలిపోయింది. కొన్ని గంటల ముందు అక్కడ బాస్కెట్‌బాల్ మ్యాచ్‌కి వేలమంది కూర్చుని ఉన్నారు. కూలినప్పుడు లోపల ఎవరూ లేకపోవడంతో ప్రాణనష్టం తప్పింది. పై వరస కడ్డీలు 30 అడుగుల పొడవు. వాటికి మధ్యలో, 15 అడుగుల దగ్గర, పట్టు ఉందని డిజైన్‌లో అనుకున్నారు. బయటి అంచుల కడ్డీలకు ఒక దిక్కులో ఆ పట్టు లేనే లేదు. పొడవు రెట్టింపైతే ఆయిలర్ లోడు నాలుగో వంతు. పైగా ఆ కడ్డీలు నాలుగు యాంగిల్స్‌ని కూడిక గుర్తులా చేర్చినవి. అలాంటి ఆకారం వంగడమే కాదు, తన అక్షం చుట్టూ మెలి తిరిగిపోగలదు. ఈ టార్షనల్ బక్లింగ్‌ని మామూలు స్లెండర్‌నెస్ లెక్క పట్టుకోలేదు. నిర్మాణ సమయంలోనే పైకప్పు లెక్క కన్నా చాలా ఎక్కువ కిందికి దిగిందని గమనించారు కూడా. కొలత లెక్కతో సరిపోలనప్పుడు మళ్లీ చూసుకోవాల్సింది లెక్కనే, కానీ అలా జరగలేదు.

ముక్కలు కలిపి కట్టిన కాలమ్‌లు

నాలుగు యాంగిల్స్‌నో, రెండు ఛానెల్స్‌నో (సి ఆకారపు కడ్డీలు) దూరంగా నిలబెట్టి లేసింగ్ అనే ఏటవాలు కడ్డీలతో కలిపితే తక్కువ ఉక్కుతో పెద్ద రేడియస్ ఆఫ్ గైరేషన్ వస్తుంది. ఆ లాభమంతా లేసింగ్ మీద ఆధారపడి ఉంటుంది. కాలమ్ వంగడం మొదలవగానే దాని పొడవునా షియర్ (అడ్డంగా కోసే బలం) పుడుతుంది, ఆ షియర్‌ని మోసేది లేసింగే. అది వదిలేస్తే పెద్ద కాలమ్ ఒక్కసారిగా విడివిడి సన్నని కడ్డీలుగా మారిపోతుంది.

1907 ఆగస్టు 29న కెనడాలో క్యూబెక్ వంతెన నిర్మాణంలోనే కూలి 75 మంది కార్మికులు చనిపోయింది ఇలాగే. 1800 అడుగుల ప్రధాన స్పాన్, పూర్తయి ఉంటే అప్పటికి ప్రపంచంలోనే అతి పెద్ద క్యాంటిలివర్ (ఒక చివరే ఆధారంతో ముందుకు చాచే నిర్మాణం) అయ్యేది. దాని కింది వరస కంప్రెషన్ మెంబర్లు ఒక్కోటి నాలుగు నిలువు పలకలను లేసింగ్‌తో కలిపి చేసినవి. ఆ లేసింగ్, దాని రివెట్లు అంతటి మెంబర్‌కి చాలనంత సన్నవి. స్పాన్‌ని 1600 నుంచి 1800 అడుగులకు పెంచాక సొంత బరువును మళ్లీ సరిగ్గా లెక్కించకపోవడంతో ఒత్తిళ్లు అనుకున్న దానికన్నా ఎక్కువయ్యాయి. కూలడానికి ముందు కొద్ది రోజుల్లో ఒక మెంబర్ వంపు రెండు అంగుళాలు దాటింది. ఆ వంపు ఫ్యాక్టరీ నుంచే వచ్చిందా, తర్వాత పుట్టిందా అని వాదించుకుంటూ పని సాగించారు. కన్సల్టింగ్ ఇంజినీరు థియోడర్ కూపర్ ఇంకా లోడు పెట్టొద్దని టెలిగ్రామ్ ఇచ్చాడు. అది వెళ్లింది ఉక్కు తయారీ కంపెనీకి, పని జరుగుతున్న చోటికి కాదు.

లేసింగ్‌ని కాలమ్ లోడులో 2.5 శాతం అడ్డ షియర్‌కి డిజైన్ చేయాలని ఇప్పటి ఐ.ఎస్. 800 చెబుతుంది. కోణం 40, 70 డిగ్రీల మధ్య ఉండాలి. లేసింగ్ బిందువుల మధ్య ఒక్కో ముక్క స్లెండర్‌నెస్ 50 గానీ, మొత్తం కాలమ్ స్లెండర్‌నెస్‌లో 0.7 వంతు గానీ దాటకూడదు. షియర్ వల్ల వచ్చే అదనపు వంగుడు కోసం స్లెండర్‌నెస్‌ని 5 శాతం పెంచాలి. లేసింగ్ బదులు బ్యాటెన్లు (అడ్డ పలకలు) వాడితే 10 శాతం.

కాలమ్ మొత్తం నిటారుగా ఉండి, దాని రేకు మాత్రం అలల్లా ముడతపడడం ఇంకో రకం. దీన్ని లోకల్ బక్లింగ్ అంటారు. 250 మెగాపాస్కల్స్ ఉక్కులో ఫ్లేంజ్ సగం వెడల్పు దాని మందానికి 14, 16 రెట్ల లోపు ఉంటే యీల్డ్ దాకా ఈ బెడద ఉండదు. మామూలు రోల్డ్ కాలమ్ సెక్షన్లన్నీ దాదాపు ఈ హద్దులోనే ఉంటాయి. జాగ్రత్త కావాల్సింది పలుచని ప్లేట్లతో వెల్డ్ చేసిన వాటికి, కోల్డ్ ఫార్మ్డ్ సెక్షన్లకి. గ్రేడు పెంచితే ఈ హద్దు ఇంకా బిగుసుకుంటుందన్నది చాలామంది మరచిపోతారు.

ట్రస్‌లలో ఒంటరి యాంగిల్ గురించి కూడా ఒక మాట చెప్పాలి. దాని బలహీన అక్షం కాళ్లకు సమాంతరంగా ఉండదు, ఏటవాలుగా ఉంటుంది. పట్టికలో ఎక్స్, వై విలువలు చూసి ఊరుకుంటే బలం ఎక్కువగా కనిపిస్తుంది. పైగా గసెట్ ప్లేటుకి ఒక్క కాలే బిగిస్తారు కాబట్టి లోడు సెంట్రాయిడ్‌లో (అడ్డకోత కేంద్రంలో) పడదు. దీనికి కోడ్‌లు ప్రత్యేకంగా ఇచ్చిన స్లెండర్‌నెస్ సూత్రాలు వాడాలి తప్ప పిన్ చివర్ల మామూలు కాలమ్‌లా చూడకూడదు.

ఎరెక్షన్ (ఉక్కు నిలబెట్టే) రోజుల్లో

పైన లెక్కించినవన్నీ పూర్తయిన భవనానికి. కాలమ్ జీవితంలో ఎక్కువ ప్రమాదం ఉన్న రోజులు చాలాసార్లు అంతకన్నా ముందే వస్తాయి. క్రేన్ దించేసి వెళ్లిన కాలమ్‌కి పైన బీము ఇంకా రాలేదు, స్లాబ్ లేదు, బ్రేసింగ్ కట్టలేదు. అది పిన్ చివర్ల కాలమ్ కాదు, పైన గాల్లో ఉన్న కాలమ్. మోయాల్సిన లోడు తక్కువే, నిజమే. కానీ ఎఫెక్టివ్ లెంగ్త్ రెట్టింపు, పట్టు నాలుగు యాంకర్ బోల్టులది మాత్రమే, పక్కనుంచి గాలి. ట్రస్‌ని ఎత్తేటప్పుడైతే మెంబర్ల పాత్రలే తారుమారవుతాయి. పూర్తయ్యాక లాగుడులో ఉండే కింది వరస కడ్డీ, మధ్యలో తాళ్లు కట్టి ఎత్తినప్పుడు నొక్కుడులోకి వెళ్తుంది. సన్నగా డిజైన్ చేసింది దాన్నే.

భవనం వాడకంలోకి వచ్చాకా ఇదే ముప్పు ఇంకో రూపంలో వస్తుంది. డక్టుకో పైపుకో అడ్డం వచ్చిందని ఒక బ్రేస్ కోసేస్తారు. తీసేసిన కడ్డీ మీద లోడు దాదాపు లేనట్టే కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, గోడకు పగులూ రాదు. మన లెక్కలోని కాలమ్ ఆ కోతతో 1702 నుంచి 1185కి దిగిపోయింది. అందుకే ఎరెక్షన్ డ్రాయింగ్‌లో ఏ తాత్కాలిక బ్రేస్‌ని ఏ పని పూర్తయ్యాక తీయాలో రాసినట్టే, శాశ్వత డ్రాయింగ్‌లోనూ ఏ కడ్డీ కాలమ్‌ని పట్టుకోవడానికి ఉందో గుర్తుపెట్టి, దాని మీద పడే బలం ఎంతో పక్కనే రాయాలి.